ఐదో నెలలో నిద్ర పట్టట్లేదు, షుగర్ వస్తుందా అని అడిగిన చెల్లికి

ఐదో నెల నడుస్తోందని, రాత్రి ఐదు గంటలకు మించి నిద్ర ఉండట్లేదని, ఈమధ్య గురక కూడా మొదలైందని రాశారు. అత్తగారేమో "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే" అంటున్నారని, నిద్ర తక్కువైతే షుగర్ వస్తుందన్న మాట నిజమేనా అని అడిగారు.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. పొట్ట పెరిగేకొద్దీ పదేపదే బాత్రూమ్‌కి లేవడం, గుండెల్లో మంట, ఎటు తిరిగినా కుదురు లేకపోవడం చాలామందికి ఉండేవే. కానీ కొత్తగా వచ్చిన గురకను మాత్రం మామూలే అని వదిలేయకండి. అలా వదిలేసినదాన్ని కాబట్టే ఇంత పొడవు రాస్తున్నాను.

నాకు రెండో కాన్పులో షుగర్ వచ్చింది. అప్పుడు హైదరాబాద్‌లో అమెరికా క్లయింట్ పని చేసేదాన్ని. సాయంత్రం ఆరున్నరకి మొదలైన కాల్స్ అర్ధరాత్రి దాటాక ముగిసేవి. పడుకునేసరికి రెండు. పెద్దోడి స్కూల్ బస్సు ఏడింటికి, అంటే ఆరుకల్లా లేవాలి. ఆ నాలుగు గంటల్లోనే మూడుసార్లు బాత్రూమ్. 26వ వారంలో 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీశారు. 158 వచ్చింది. ఆ పరీక్షలో 140 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉన్నట్టే. ఇంట్లో అందరూ స్వీట్లు ఎక్కువ తిన్నావన్నారు. ఎలా నిద్రపోతున్నావని ఒక్కరూ అడగలేదు, పరీక్ష చేయించిన ఆసుపత్రిలో కూడా.

అసలు సంగతేమిటంటే, గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని కాస్త మందగింపజేస్తాయి. బిడ్డకు చక్కెర అందడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. దానికి తగ్గట్టు క్లోమం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తే ఏ ఇబ్బందీ ఉండదు, చేయలేకపోతే షుగర్ పెరుగుతుంది. నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. అంటే ఉన్న బరువు మీద ఇంకో బరువు. గురకతో పాటు మధ్యమధ్య ఊపిరి ఆగుతుంటే ఇంకా కష్టం. ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ ఒళ్ళు ఉలిక్కిపడి అడ్రినలిన్, కార్టిసాల్ వదులుతుంది. వాటి ప్రభావంతో కాలేయం రక్తంలోకి చక్కెర పంపిస్తుంది. మనం ఏమీ తినకుండానే.

అమెరికాలో తొలి కాన్పు తల్లుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. చేతికి పరికరం కట్టి నిద్రను కొలిస్తే, ఏడు గంటల కన్నా తక్కువ పడుకున్నవాళ్ళలోనూ, బాగా ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేచేవాళ్ళలోనూ గర్భంలో షుగర్ ఎక్కువగా కనిపించింది. నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళలో షుగర్‌తో పాటు బీపీ సమస్య కూడా ఎక్కువే. దీన్నిబట్టి నిద్ర లేనివాళ్ళందరికీ షుగర్ వస్తుందని కాదు. వయసు, బరువు, ఇంట్లో షుగర్ ఉండటం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మీవల్లే ఏదో జరిగిపోతోందని దయచేసి అనుకోకండి.

నా గురక సంగతి బయటపడింది మావారి ఫోన్ వల్ల. ఏడో నెలలో ఒక రాత్రి ఆయన రికార్డ్ చేశారు. గురక, గురక, తర్వాత నిశ్శబ్దం. నేనే లెక్కపెట్టాను, పన్నెండు సెకన్లు. ఆపైన మునిగినవాళ్ళు తేలినట్టు ఒక్కసారిగా ఊపిరి. డాక్టరమ్మ అది వినగానే రాస్తున్న పెన్ను కింద పెట్టేశారు. ఇంట్లోనే ఒక రాత్రి వేలికి క్లిప్పు, ముక్కుకి సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ పెట్టి పరీక్ష చేశారు. ఊపిరి ఆగే సమస్య తక్కువ స్థాయిలోనే ఉందని తేలింది. పక్కకి తిరిగి పడుకోమన్నారు, తలవైపు ఎత్తు పెట్టుకోమన్నారు, ముక్కు దిబ్బడకి సెలైన్ చుక్కలు రాశారు. ఎక్కువుంటే రాత్రిపూట గాలి అందించే మిషన్ పెట్టేవారట, అది గర్భిణులూ వాడొచ్చు. రాత్రిళ్ళు కాళ్ళు కదపకుండా ఉండలేకపోతున్నానని కూడా అప్పుడే చెప్పాను. ఐరన్ నిల్వలు చూస్తే బాగా తక్కువ. మందు మార్చిన మూడు వారాలకి కాళ్ళు నెమ్మదించాయి.

డాక్టరు చీటీతో 29వ వారం నుంచి పగటి షిఫ్ట్ అడిగి తీసుకున్నాను. షుగర్ రాసుకున్న నోట్‌బుక్ ఇంకా నా దగ్గరుంది. పరగడుపున 95 లోపు ఉండాలి. నాలుగు గంటలు పడుకున్న రోజు 101, ఏడు గంటలు పడుకున్న రోజు 91, ఇలా చాలా పేజీలున్నాయి. అయితే అదే సమయంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచాను, తిన్నాక నడక మొదలుపెట్టాను, రాత్రికి కాస్త ఇన్సులిన్ కూడా తీసుకున్నాను. కాబట్టి అంతా నిద్ర మహిమే అని చెప్పను. పాప 3.1 కిలోలతో పుట్టింది. ఆరు వారాలకి నాకు మళ్ళీ గ్లూకోజ్ పరీక్ష చేస్తే మామూలుగా వచ్చింది. ఒకసారి ఇలా వచ్చినవాళ్ళకి తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఏటా చేయించుకుంటున్నాను.

మొదట్లో చేసిన షుగర్ పరీక్ష మామూలుగా వచ్చినా 24 నుంచి 28 వారాల మధ్య పరీక్ష మానకండి. మీకు ఇంకొన్ని వారాలే ఉంది. నిద్రమాత్ర మాత్రం సొంతంగా వేసుకోవద్దు. ఎన్నింటికి పడుకుంటున్నారో, ఎన్నిసార్లు లేస్తున్నారో, లేవగానే తల బరువుగా ఉంటోందో లేదో ఒక వారం రాసిపెట్టండి. ఈ రాత్రి మీవారిని ఫోన్ పక్కన పెట్టుకుని ఒక్క ఐదు నిమిషాలు రికార్డ్ చేయమనండి. మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే వచ్చే చెకప్ దాకా ఆగకుండా వెళ్ళి వినిపించండి. ఏమన్నారో ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.