ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊరి పక్కన రాబోయే కర్మాగారం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరగనున్నదనీ, పదిమందిని వెంటబెట్టుకొని వెళ్లి వ్యతిరేకత తెలపాలనుకుంటున్నావనీ రాశావు. తప్పక వెళ్లు. అయితే ఆ సభలో ఓట్లు లెక్కపెట్టరనీ, ఎంతమంది వద్దన్నారన్న దానికంటే మినిట్స్‌లోకి, అంటే సభ అధికారిక నమోదులోకి, ఏ మాట ఎక్కిందన్నదే తరువాత పనికొస్తుందనీ ముందుగా గ్రహించు.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. కర్మాగారం వల్ల చుట్టుపక్కల ఏ ప్రభావం పడుతుందో చెప్పే ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల జనం చూడడానికి ఉంచాలి. తెలుగులో సారాంశం కూడా ఉంటుంది కాని, దానితో సరిపెట్టుకోకు; సారాంశాల్లో ఏ వాగూ ఎండదు, ఏ చెరువూ చెడదు. పూర్తి నివేదిక తెరిచి, నేల ఎలాంటిదన్నారో, నీరు ఎక్కడినుంచి తెస్తామన్నారో, వ్యర్థాలు ఎటు వదులుతామన్నారో చదివి, ఆ పుటలు చేతపట్టుకొని పొలాల వెంట తిరుగు. బీడు అని రాసినచోట కోసిన వరి మోళ్లు కనబడితే ఫొటో తీసి, తేదీ, సర్వే నంబరు, నివేదికలోని పుట సంఖ్య రాసిపెట్టుకో. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రం అనుమతిని అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ 2010 జూలై 14న రద్దు చేసినప్పుడు, అక్కడివారు బీల అని పిలిచే ఆ స్థలం చిత్తడి నేల అన్న వాదనే నిలబడింది. అదే రోజు అక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారన్నది మరువరాని విషాదం.

సభకు జిల్లా మేజిస్ట్రేటు గాని, అదనపు మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహిస్తారు. సభనంతా వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే అవకాశముంది. ఒక్కొక్కరు ఒక్కొక్క అంశం పంచుకొని, చెప్పినదాన్నే కాగితం మీద రాసి కూడా ఇవ్వండి. నేనొకసారి ఆవేశంగా చాలాసేపు మాట్లాడి, ఆకలేసి మధ్యలోనే లేచి వచ్చేశాను. తరువాత మినిట్స్ తెప్పించి చూస్తే నా మాటలన్నీ ఒక్క ముక్కలో తేలిపోయాయి. చివరన జనం లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలో చదివి వినిపించాలన్న నియమం ఉన్నది అందుకే. అది పూర్తయ్యేదాకా కదలకండి. మీ అంశం జారిపోతే అక్కడికక్కడే అడగండి. రాలేని వారు తమ అభ్యంతరాలను కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపవచ్చు.

ఇంత చేసినా అనుమతి వస్తే, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు, ఆపైన ఇక అప్పీలు తీసుకోరు. కాబట్టి వకీలును అప్పుడు వెతుక్కోవడం కాదు, ఈ నెలలోనే కలిసి ఆ నివేదిక ప్రతి ఒకటి చేతికివ్వు.