ముందు సీటు వద్దు

ప్రశ్న: డిసెంబరులో ఏడేళ్ల పాపతో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్తున్నాం. అక్కడి నుంచి స్పీడ్‌బోటులో ఫీఫీ దీవులు చూడాలని ఉంది. పాపకు ప్రయాణంలో వాంతులవుతాయి. ఏం చేయాలి?

జవాబు: డిసెంబరులో అండమాన్ సముద్రం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. అయినా స్పీడ్‌బోటు ముందు భాగం అలల మీద ఎగిరెగిరి పడుతుంది. పిల్లలు అక్కడే కూర్చుంటామంటారు, ఒప్పుకోవద్దు. వెనక, ఇంజన్ పొగ తగలనిచోట కూర్చోబెట్టండి. వాంతుల మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో బయల్దేరడానికి అరగంట, గంట ముందే వేయాలి. తిప్పడం మొదలయ్యాక వేస్తే అదీ బయటికొచ్చేస్తుంది. ఫోన్ ఇవ్వకండి, దూరంగా తీరాన్ని చూడమనండి. లైఫ్‌జాకెట్ పాప సైజుదే అడగండి, వదులుది నీళ్లలో తల మీదుగా జారిపోతుంది.

ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్‌లు అక్కడి సముద్ర జాతీయ పార్కుల్లో 2021 నుంచి నిషేధం. జరిమానా 1,00,000 బాట్ల దాకా ఉంటుంది. ఫీఫీ దీవుల్లోని మాయా బేలో ఈతకు అనుమతి లేదు.