పక్కింటి జాఫ్నా తమిళులు మే 18 సంస్మరణకి పిలిచారు, వెళ్ళొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా: టొరంటోలోని స్కార్‌బరోకి కొత్తగా వచ్చారు. పక్కింట్లో శ్రీలంక తమిళ కుటుంబం ఉంది. వాళ్ళ పిల్లలు కెనడాలోనే పుట్టినా తమిళం చక్కగా మాట్లాడుతున్నారు. మే 18న జరిగే సంస్మరణకి మిమ్మల్ని రమ్మన్నారు. అది రాజకీయ సభ కదా, వెళ్ళడం మంచిదేనా అని అడిగారు.

వెళ్ళండి. నేను చాలాకాలంగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. మా ఆఫీసులో నాతో పనిచేసే ఒక అక్కది జాఫ్నా. మొదట వాళ్ళ కుటుంబంతోనే వెళ్ళాను, ఇప్పుడు వీలైన ప్రతి ఏడూ వెళ్తున్నాను. అది రాజకీయమేనా అంటే, అవును. చనిపోయినవాళ్ళ కోసం ఏడవడానికి కూడా సొంత ఊళ్ళో అనుమతి లేనప్పుడు ఆ ఏడుపు రాజకీయం కాకుండా ఎలా ఉంటుంది?

వెళ్ళేముందు కొన్ని సంగతులు తెలుసుకుంటే మంచిది. ముళ్ళివాయ్‌కాల్ అనేది శ్రీలంక ఉత్తరాన ముల్లైత్తీవు జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. శ్రీలంక సైన్యానికీ, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన తమిళ పులులు అంటే ఎల్‌టీటీఈకీ మధ్య యుద్ధం 2009 మే 18న ముగిసింది అక్కడే, ఈ సంస్మరణ అందుకే. ఇక్కడ కాల్పులు జరపం, ఇక్కడికి చేరుకోండి అని ప్రభుత్వం చెప్పిన ప్రాంతాల మీదే ఫిరంగి గుండ్లు పడ్డాయి, ఆసుపత్రుల మీద కూడా పడ్డాయి. ఆ చివరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. పారిపోబోయిన సొంత ప్రజలని ఎల్‌టీటీఈ కాల్చిందని కూడా అదే నివేదికలో ఉంది. సభలో మీకు పోసే గంజి ఆ రోజులదే. బియ్యం, నీళ్ళు, కాస్త ఉప్పు, అంతే. బంకర్లలో జనం దాంతోనే ప్రాణాలు నిలుపుకున్నారు. వద్దనకుండా తాగండి.

ఆ గంజి పంచినందుకు 2024 మేలో శ్రీలంక తూర్పు తీరంలోని సంపూర్‌లో మహిళలని అరెస్టు చేశారు. జాఫ్నా యూనివర్సిటీలో విద్యార్థులు కట్టుకున్న ముళ్ళివాయ్‌కాల్ స్మారకాన్ని 2021 జనవరిలో రాత్రికి రాత్రి కూలగొట్టారు. నిరసనలు చెలరేగాక తిరిగి కట్టారనుకోండి. అక్కడ నోరెత్తితే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి తెలుసు, అందుకే ఆ మాట ఇక్కడినుంచి అంటున్నారు. వింటున్నవాళ్ళూ ఉన్నారు. తమిళ జాతి హత్య గురించి నేర్పే వారాన్ని ఒంటారియో 2021లో చట్టం చేసింది. మే 18ని తమిళ జాతి హత్య సంస్మరణ దినంగా గుర్తిస్తూ 2022లో కెనడా పార్లమెంటు ఏకగ్రీవంగా తీర్మానించింది. 2023 జనవరిలో శ్రీలంక మాజీ అధ్యక్షులైన అన్నదమ్ములు మహింద, గోటబయ రాజపక్సల మీద కెనడా ఆంక్షలు పెట్టింది. 2025లో బ్రాంప్టన్‌లోని చింగ్వాకూసీ పార్కులో స్మారకం లేచింది, శ్రీలంక ప్రభుత్వం ఎంత అభ్యంతరం చెప్పినా. ఇవేవీ ఊరికే రాలేదు. 2009 మేలో జనం పిల్లల్ని వెంటేసుకుని గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ట్రాఫిక్ ఆపేసినప్పుడు టొరంటోలో చాలామంది వాళ్ళని తిట్టారు. మా ఆఫీసు అక్క ఆ రోజు అక్కడే ఉంది. యుద్ధం జరుగుతున్న వన్ని ప్రాంతంలో ఉన్న తన పిన్ని కుటుంబం బతికుందో లేదో తెలియని టెన్షన్‌లో ఉన్నామని, ఇంకేం చేయాలో తోచలేదని చెప్పింది. నేను ఆ స్థితిలో ఉంటే నేనూ రోడ్డెక్కేవాణ్ణే.

ఇక పిల్లల తమిళం సంగతి. ఇంట్లో అమ్మమ్మ ఉంటుంది, శనివారం తమిళ క్లాసు ఉంటుంది, గుడి ఉంటుంది, జనవరిలో పొంగల్‌తో పాటు తమిళ వారసత్వ మాసం ఉంటుంది. ఇలాంటివి మన తెలుగు సంఘాలకీ ఉన్నాయి, పండగలు మనమూ చేస్తాం. కానీ వాళ్ళ భాష మీద 1956లో సింహళాన్ని మాత్రమే అధికార భాష చేసిన చట్టం పడింది. 1981లో జాఫ్నా పబ్లిక్ లైబ్రరీని తగలబెట్టారు. తాళపత్రాలతో సహా దాదాపు 97,000 పుస్తకాలు బూడిదయ్యాయి. రెండేళ్ళకే తమిళుల మీద 1983 జూలై మారణకాండ, ఆ తర్వాతే వేలకి వేలుగా దేశం విడిచారు. అది చూసి వచ్చినవాళ్ళకి పిల్లాడు తమిళం చదవడం, నిరసనకి వెళ్ళడం వేర్వేరు పనులుగా కనిపించవు. 2005లో మొదలైన నూలకం డిజిటల్ లైబ్రరీ చూడండి. ఈళం, అంటే శ్రీలంక తమిళుల పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు స్కాన్ చేసి ఎవరైనా చదువుకునేలా పెడుతున్నారు. మళ్ళీ ఎవరూ తగలబెట్టలేని లైబ్రరీ అది. నాకైతే వాళ్ళు చేసిన పనులన్నిట్లోకీ ఇదే గొప్పదనిపిస్తుంది.

సభలో పులి గుర్తున్న జెండాలు కనిపించవచ్చు. ఎల్‌టీటీఈ మీద కెనడాలో 2006 నుంచి నిషేధం ఉంది. పిల్లల్ని సైన్యంలో చేర్చుకోవడం, 1990లో ఉత్తరాది ముస్లింలని ఇళ్ళనుంచి వెళ్ళగొట్టడం నేను ఎప్పటికీ సమర్థించలేను, మా అక్కా సమర్థించదు. అక్కడికి వచ్చేవాళ్ళందరిదీ ఒకే అభిప్రాయమని అనుకోకండి. జెండా పట్టుకోమంటే వద్దని మర్యాదగా చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. చెమ్మణి అనే పేరు వింటారు. అది జాఫ్నా దగ్గర సామూహిక సమాధులు ఉన్న చోటు, 2025 తవ్వకాల్లో రెండు వందలకి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఫొటోలు పట్టుకుని నిలబడ్డవాళ్ళని మీవాళ్ళలో ఎవరు పోయారని మీరై అడగొద్దు, వాళ్ళే చెబుతారు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మనం ఇండియానుంచి వచ్చామని తెలియగానే కొందరు పెద్దవాళ్ళు భారత సైన్యం సంగతి ఎత్తుతారు. మనలో చాలామందికి ఆ కథలో 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య ఒక్కటే తెలుసు. 1987 దీపావళి రోజు జాఫ్నా ఆసుపత్రిలోకి, శ్రీలంకకి పంపిన మన శాంతి సేన చొరబడి డాక్టర్లని, నర్సులని, రోగులని కాల్చి చంపిన సంగతి వాళ్ళు మర్చిపోలేదు. ఆ సేన కాల్పులు ఆపాలని 1988లో తూర్పు తీరంలోని మట్టకళప్పు (బట్టికలోవా)లో నెలరోజులు నిరాహార దీక్ష చేసి పూపతి అనే తల్లి చనిపోయింది. నార్వేలో తమిళ పిల్లలు చదువుకునే బడికి ఆమె పేరే పెట్టుకున్నారు. కాబట్టి ఎవరైనా కోపంగా మాట్లాడితే రాజీవ్ గాంధీ పేరు తెచ్చి ఎదురు వాదించకండి. ఆ హత్య తప్పే, ఆసుపత్రిలో జరిగిందీ తప్పే. నన్ను అడిగిన ఒక పెద్దాయనకి నేను ఈ మాటే చెప్పాను. ఆయన ఇంకాసేపు కోప్పడ్డాడు, నేను విన్నాను.