హో చి మిన్ సిటీలో రోడ్డు దాటేదెలా?

ప్రశ్న: అమ్మానాన్నలతో వియత్నాంలోని హో చి మిన్ సిటీ వెళ్తున్నాం. అక్కడ బండ్ల వరద ఆగదని, రోడ్డు దాటడమే గండమని అంటున్నారు. నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఎలా?
– ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మన బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర దాటి దాటి ఆరితేరిన వాళ్లే అక్కడ ఎక్కువ తడబడతారు. మనకి సందు దొరగ్గానే పరుగెత్తడం, బండి మీదికొస్తే ఠక్కున ఆగడం, లేదంటే వెనక్కి గెంతడం అలవాటు. అక్కడ ఈ మూడూ ప్రమాదమే. బండి నడిపేవాడు మీ నడక చూసి, తను దగ్గరికొచ్చేసరికి మీరు ఎక్కడుంటారో అంచనా వేసుకుని ముందు నుంచో వెనక నుంచో తప్పుకుపోతాడు. మీరు ఆగితే ఆ అంచనా తప్పుతుంది. ఒకే వేగంతో, నెమ్మదిగా, ఆగకుండా నడవండి. ఆ లెక్కన నాన్నగారి నడకే మీ నడకకన్నా నయం.

అక్కడ వాహనాలు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. అంటే ముందు ఎడమకి చూడాలి, సగం దాటాక కుడికి. మన మెడ అలవాటుగా ముందు కుడికే తిరుగుతుంది. అసలు ముప్పు అక్కడుంది. వన్‌వే అయినా రెండువైపులా చూడండి, ఫుట్‌పాత్ అంచు వెంబడి రాంగ్‌సైడ్ బండ్లు వస్తుంటాయి.

ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడవకండి. మొదటివారి వెనక నుంచి తప్పుకున్న బండి నేరుగా రెండోవారి మీదికొస్తుంది. చేతులు పట్టుకుని పక్కపక్కన నడవండి, బండ్లు వచ్చేవైపు మీరుండండి. డివైడర్ ఉంటే అక్కడ ఆగి వైపు మారండి.

ఇదంతా టూవీలర్ల సంగతి. బస్సో కారో వస్తుంటే అసలు దిగొద్దు, అవి పక్కకి తప్పుకోలేవు. పెద్ద రోడ్లమీద నాలుగడుగులు ఎక్కువైనా సిగ్నల్ దగ్గరే దాటండి. 2025 జనవరి నుంచి ఎర్రలైటు దాటిన టూవీలర్‌కి 40 నుంచి 60 లక్షల డాంగ్‌ల (అక్కడి కరెన్సీ) జరిమానా వేస్తున్నారు, మన డబ్బులో తక్కువలో తక్కువ పదమూడు వేలు. అయినా పచ్చబొమ్మ వెలిగింది కదా అని ధీమా వద్దు, మలుపు తిరిగే బండ్లు అప్పుడూ వస్తాయి.

ప్రశ్న: ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో ఉందా? టాక్సీలో మోసపోకుండా ఏం చూసుకోవాలి?
– ఓ పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: లేదు. 2024 డిసెంబరు 22న మొదలైన మెట్రో బెన్ థాన్ నుంచి సువోయ్ తియెన్‌కి వెళ్తుంది, విమానాశ్రయం వైపు రాదు. మన ఓలా, ఊబర్ లాంటి గ్రాబ్ యాప్‌ని ఇక్కడే వేసుకుని మీ నంబరుకి ఓటీపీ తెప్పించుకోండి. అక్కడికెళ్లాక రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు. యాప్‌లో చార్జీ ముందే తెలుస్తుంది, నగదూ ఇవ్వొచ్చు. మీటర్ టాక్సీ ఎక్కితే చివరి మూడు సున్నాలు మీటరుమీద కనబడవు. 125 అని ఉంటే 1,25,000 డాంగ్‌లన్నమాట, సుమారు 400 రూపాయలు. ఇంకో తిరకాసుంది: 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలమే. పెద్దది మన డబ్బులో 1,600 పైమాటే. రాత్రిపూట కారులో తడుముకోకుండా పెద్దనోట్లు వేరే జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: ఆర్టీవోలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. అక్కడ స్కూటర్ అద్దెకి తీసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, బనశంకరి

జవాబు: షాపువాడు అడక్కుండానే ఇస్తాడు, చట్టం మాత్రం ఒప్పుకోదు. మన ఆర్టీవో ఇచ్చేది రోడ్డు ట్రాఫిక్‌పై 1949లో కుదిరిన జెనీవా ఒప్పందం ప్రకారం. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందపు పర్మిట్‌నే. లైసెన్సు చెల్లని చోట ప్రమాదం జరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమూ తిరస్కరించొచ్చు. గ్రాబ్ బైక్ ఎక్కడమే మేలు. వెనక ఒక్కరే కూర్చోవాలి, హెల్మెట్ వాళ్లే ఇస్తారు, పట్టీ బిగించుకోండి. దిగేటప్పుడు ఎడమవైపుకే దిగండి. కుడివైపున సైలెన్సర్ ఉంటుంది, నిక్కరు వేసుకుంటే పిక్క కాలుతుంది.