ఒక్కరోజు బీచ్‌కి వెళ్లొస్తే ఒంటికి నిజంగా మేలు జరుగుతుందా?

జరుగుతుంది, కాకపోతే అక్కడ కూర్చోకుండా నడవాలి. మెత్తటి పొడి ఇసుకలో నడకకి గట్టి నేల మీదకంటే రెట్టింపు దాకా శక్తి ఖర్చవుతుంది. అడుగు వేసినప్పుడల్లా మడమ దిగబడుతుంది, ఇసుక వెనక్కి జారిపోతుంది, ఆ శ్రమ పిక్కలతో పాటు తొడల మీదా పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకైతే అలలు తడిపిన గట్టి ఇసుకే నయం.

పగటిపూట నీటికంటే నేల త్వరగా వేడెక్కుతుంది. దానిమీది గాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. హాయిగానే ఉంటుంది కానీ ఆ చల్లదనంలో చర్మం కమిలిపోతున్నా తెలియదు. సన్‌స్క్రీన్ 2 గంటలకోసారి మళ్లీ రాసుకోండి.

ఈతకి దిగినప్పుడు ప్రవాహం లోపలికి లాగేస్తుంటే ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగండి. పిల్లలకి ఈ మాట బయల్దేరేముందే చెప్పండి, దయచేసి.