పాప్ నుంచి ఐమ్యాప్‌కు: పాత ఖాతాను ముందే తొలగించకండి

ప్రశ్న: మా కార్యాలయంలో పన్నెండు మందికి ఈమెయిల్ ఖాతాలు ఉన్నాయి. అన్నీ ఏళ్ల తరబడి, మెయిల్ సేవాసంస్థ సర్వర్ నుంచి మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకునే పాప్3 (పాప్) పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఇప్పుడు అందరూ ఫోన్‌లోనూ మెయిల్ చూసుకుంటున్నారు కాబట్టి చిక్కు వచ్చింది. ఫోన్ నుంచి పంపిన జవాబు కంప్యూటర్‌లో కనిపించదు. కంప్యూటర్‌లో చదివేసిన మెయిల్ ఫోన్‌లో మళ్లీ కొత్తదిగా కనిపిస్తుంది. మెయిళ్లు సర్వర్‌లోనే ఉండే ఐమ్యాప్ పద్ధతికి మారాలనుకుంటున్నాం. సెట్టింగ్స్‌లో పాప్ అని ఉన్నచోట ఐమ్యాప్ అని మార్చితే సరిపోతుందా? పాత మెయిళ్లు పోకుండా ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అలా మార్చడం కుదరదు. అవుట్‌లుక్, థండర్‌బర్డ్ వంటి మెయిల్ ప్రోగ్రాముల్లో ఒకసారి పాప్‌గా పెట్టుకున్న ఖాతా రకాన్ని ఐమ్యాప్‌గా మార్చే వీలు లేదు. అదే చిరునామాతో కొత్తగా ఐమ్యాప్ ఖాతాను జోడించుకుని, పాత మెయిళ్లను అందులోకి చేర్చుకుని, ఆ తరువాతే పాతదాన్ని తీసివేయాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ముందు పాత ఖాతాను తొలగిస్తారు. నష్టమంతా అక్కడే జరుగుతుంది.

ఎందుకంటే పాప్3 సర్వర్‌లోని ఇన్‌బాక్స్‌ను మాత్రమే చూడగలదు. అందులోని మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకున్నాక, ప్రతిని సర్వర్‌లో ఉంచే సెట్టింగ్ లేకపోతే, అక్కడ చెరిపేస్తుంది. మీరు పంపిన మెయిళ్లు, పేర్లు పెట్టి సర్దుకున్న ఫోల్డర్లు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఐమ్యాప్ ఇందుకు భిన్నం. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఈ పద్ధతిలో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉండి, ఫోనూ కంప్యూటరూ రెండూ దాన్నే చూపిస్తాయి. అందుకే ఒకచోట చదివింది రెండోచోట కూడా చదివినట్టే కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు సర్వర్‌లో ఒక్కొక్కరికి ఎంత చోటు ఇచ్చారో మీ మెయిల్ సేవాసంస్థను అడిగి తెలుసుకోండి. ఏళ్ల నాటి మెయిళ్లు, వాటికి జతచేసిన ఫైళ్లు అందులో పట్టకపోతే మధ్యలో ఆగిపోతాయి, పైగా కొత్త మెయిళ్లు రావడం కూడా ఆగుతుంది. పట్టవనుకుంటే ఇటీవలి రెండు మూడేళ్లవి మాత్రమే ఎక్కించి, మిగిలినవి కంప్యూటర్‌లోనే ఉంచుకోవడం మేలు. తరువాత మెయిల్ ప్రోగ్రామ్‌ను మూసి, పాత మెయిళ్లున్న ఫైలును వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. అవుట్‌లుక్‌లో అది పీఎస్‌టీ ఫైలు. థండర్‌బర్డ్‌లోనైతే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. కొత్త ఖాతాలోకి ఏ మెయిలూ చేర్చకముందే, పాప్ ఖాతా తనంతట తాను మెయిళ్లు తెచ్చుకోకుండా ఆపేయాలి. ఒక చిన్న కార్యాలయంలో ఈ మార్పు చేస్తూ నేనే దీన్ని మరిచిపోయాను. పాత మెయిళ్లను ఐమ్యాప్ ఇన్‌బాక్స్‌లోకి ఎక్కిస్తుంటే, కాసేపటికి అవి ఒక్కొక్కటిగా మాయమవడం మొదలైంది. పక్కనే పాప్ ఇన్‌బాక్స్‌లో మాత్రం లెక్క పెరుగుతూ పోయింది. నేను ఎక్కించినవాటిని కొత్తగా వచ్చిన మెయిళ్లనుకుని పాప్ మళ్లీ దించుకుని, సర్వర్‌లో చెరిపేస్తోందని అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. కాపీ దాచుకున్నాను కాబట్టి ఏదీ పోలేదు.

కొత్త ఖాతా సెట్టింగ్స్‌లో మెయిళ్లు అందుకునే పోర్ట్ సంఖ్య 993 అని ఇచ్చి, సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే ఎస్‌ఎస్‌ఎల్‌ను ఎంచుకోండి. మెయిళ్లు పంపే ఎస్‌ఎమ్‌టీపీ సెట్టింగ్స్ సాధారణంగా పాతవే పనిచేస్తాయి. పాత ఫోల్డర్లను ఒకేసారి లాగి వదలకుండా, కొన్ని వందల మెయిళ్ల చొప్పున కాపీ చేయండి. తరలించవద్దు, కాపీ మాత్రమే. పంపిన మెయిళ్లను కొత్త ఖాతాలోని పంపినవాటి ఫోల్డర్‌లోనే వేయాలి. ఒక్కో ఫోల్డర్ పూర్తయ్యాక రెండువైపులా లెక్క సరిచూసి, సర్వర్‌కు నిజంగా చేరాయో లేదో బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి చూడండి. చిరునామాల పుస్తకం, క్యాలెండర్ ఐమ్యాప్‌తో రావు, వాటిని విడిగా తెచ్చుకోవాలి.

పన్నెండు మందికీ ఒకేరోజు చేయకుండా, తక్కువ మెయిళ్లున్న ఒకరితో మొదలుపెట్టి, వారం రోజులు చూశాక మిగతావారికి చేయండి. అందరికీ ఒక మాట ముందే చెప్పి ఉంచండి: ఇకమీదట ఫోన్‌లో చెరిపేసిన మెయిల్ కంప్యూటర్‌లోనూ ఉండదు. ఫోన్‌లో చోటు కోసం పాత మెయిళ్లు చెరిపేసే అలవాటున్నవారు మీలో తప్పకుండా ఉంటారు, వారికి రెండుసార్లు చెప్పండి. అందుకే ఐమ్యాప్‌కు మారిన తరువాత కూడా సర్వర్‌లోని మెయిళ్లకు విడిగా బ్యాకప్ తీస్తూ ఉండాలి, మొదట దాచిన పాత ఫైలును కనీసం ఒక ఏడాదైనా అలాగే ఉంచాలి.