బతికున్న కణాన్ని చూసే మైక్రోస్కోప్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా విశ్వవిద్యాలయం బతికున్న కణాల మీద పరిశోధనకు సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోప్ ఒకటి కొనబోతోంది. అన్ని విభాగాలూ వాడుకోవాలి. బ్రోషర్లలో రిజల్యూషన్, అంటే విడివిడిగా చూపగల అతి చిన్న దూరం, ఒకరు 120 నానోమీటర్లంటే ఇంకొకరు 50 అంటున్నారు, మరొకరు 20 దాకా దిగుతామంటున్నారు. అన్నిటికన్నా చిన్న అంకె ఉన్నదే ఎంచుకుంటే తప్పేమిటి?

జవాబు: ఆ అంకె కణానికి ఎంత ఖరీదు పడుతుందో బ్రోషర్ చెప్పదు. అదే తప్పు. చిన్న అంకెల్లో చాలావరకు ఫిక్స్ చేసిన, అంటే రసాయనాలతో చంపి బిగించిన, కణాల మీద సాధించినవి.

మామూలు కాంతి మైక్రోస్కోప్ హద్దును ఎర్న్‌స్ట్ అబే 1873లోనే చెప్పాడు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని లెన్స్ ఎన్‌ఏకి (అది కాంతిని ఎంత వెడల్పు కోణం నుంచి పోగుచేస్తుందో చెప్పే అంకెకి) రెట్టింపుతో భాగిస్తే వచ్చేదే ఆ హద్దు. 510 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి, 1.4 ఎన్‌ఏ ఉన్న లెన్స్ తీసుకుంటే 182 వస్తుంది. దీన్ని దాటే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది సిమ్. చారలు చారలుగా వెలుగు వేసి, ఆ చారలను మూడు దిక్కుల్లో, ఒక్కో దిక్కులో మూడు స్థానాల్లో జరిపి 9 చిత్రాలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని కలిపి ఒక్కటిగా కూరుస్తుంది. లోతు దిశలో కూడా స్పష్టత కావాలంటే 15 చిత్రాలు పడతాయి. రిజల్యూషన్ దాదాపు రెట్టింపవుతుంది, అంటే 100 నుంచి 120 నానోమీటర్లు. జీఎఫ్‌పీ లాంటి మామూలు వెలిగే ప్రోటీన్లతోనే పని జరుగుతుంది, కణం మీద పడే వెలుగూ తక్కువే.

రెండోది స్టెడ్. వెలిగే చుక్క చుట్టూ గారె ఆకారంలో ఇంకో లేజర్ వేసి అంచులను ఆర్పేస్తుంది. మధ్యలో మిగిలేది ఎంత సన్నదైతే అంత రిజల్యూషన్. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆర్పే లేజర్ తీవ్రతను, కణానికి పట్టించిన వెలిగే రంగు తాలూకు సంతృప్త తీవ్రతతో (ఆ రంగు వెలుగును సగానికి తగ్గించే తీవ్రతతో) కొలిస్తే, 200 నుంచి 100కి దిగడానికి 3 రెట్లు చాలు, 50కి 15 రెట్లు కావాలి, 25కి 63 రెట్లు. ఆ వెలుగంతా మోయాల్సింది కణమే. పైగా 50 నానోమీటర్లు నిజంగా చూడాలంటే పిక్సెల్ 25కి మించకూడదు. 20 మైక్రోమీటర్ల చదరానికి 6,40,000 పిక్సెళ్లు అవుతాయి. ఒక్కోదాని మీద 10 మైక్రోసెకన్లు ఆగినా ఒక చిత్రానికి 6.4 సెకన్లు.

మూడో దారి పామ్, స్టార్మ్ పద్ధతులది. ఈ రెండూ 2006లో వచ్చాయి. అణువులను కొన్ని కొన్నిగా మినుకుమనిపించి, ఒక్కోదాని కేంద్రాన్ని లెక్కగట్టి, వేల చిత్రాల నుంచి ఒకటి కడతారు. 20 నానోమీటర్లు వస్తుంది గానీ నిమిషాలు పడుతుంది. స్టార్మ్‌కు వాడే ద్రావణంలో ఆక్సిజన్‌ను లాగేసే ఎంజైములు, థయాల్ రసాయనాలు ఉంటాయి. బతికున్న కణం అందులో ఎక్కువసేపు సుఖంగా ఉండదు.

కాబట్టి బ్రోషర్లు పక్కనపెట్టి వాడబోయే ప్రతి ల్యాబ్‌ను మూడు అడగండి. చూడాల్సింది ఎంత చిన్నది? ఎంత వేగంగా కదులుతుంది? ఎంతసేపు చూడాలి? కణంలో పట్టాల్లా ఉండే మైక్రోట్యూబ్యూళ్ల మీద సరుకు మోసే చిన్న సంచి, వెసికిల్, సెకనుకు సుమారు 1 మైక్రోమీటరు పోతుంది. సిమ్‌లో ఒక్కో చిత్రానికి 10 మిల్లీసెకన్ల చొప్పున 9 తీస్తే 90 మిల్లీసెకన్లు. ఆలోగా వెసికిల్ 90 నానోమీటర్లు జరుగుతుంది, అంటే సిమ్ రిజల్యూషన్‌కు సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. పైన చెప్పిన స్టెడ్ లెక్కలో అదే వెసికిల్ ఆరు మైక్రోమీటర్లు దాటిపోయి ఉంటుంది.

మా సలహా ఇది. అందరూ పంచుకునే కేంద్రానికి సిమ్, దానితోపాటు డిటెక్టర్ల గుత్తి ఉన్న కాన్ఫోకల్ (ఒక్కో బిందువునే వెలిగిస్తూ చూసే మైక్రోస్కోప్) ప్రధాన యంత్రాలుగా ఉండాలి. మైటోకాండ్రియా లోపలి మడతలైన క్రిస్టాల లాంటి 100 నానోమీటర్ల లోపు ప్రశ్నతో, దానికి తగిన రంగులతో సిద్ధంగా ఉన్న ల్యాబ్ ఒకటైనా ఉంటేనే స్టెడ్ జోలికి వెళ్లండి. ఎప్పటికైనా పనికొస్తుందని కొన్న స్టెడ్ లేజర్ మీద దుమ్మే పేరుకుంటుంది.

ప్రశ్న: కొటేషన్‌లో 1.49 ఎన్‌ఏ ఆయిల్ లెన్స్ ఇచ్చారు. సిలికాన్ లెన్స్ అదనం అంటున్నారు. అది అవసరమా?

జవాబు: కవర్‌స్లిప్‌కు (కణాల కిందుండే పలచటి గాజుకు) అంటుకున్న పొరను మాత్రమే చూస్తే ఆయిల్ లెన్సే మేలు. కొన్ని మైక్రోమీటర్ల లోతుకు వెళ్లారా, ఇబ్బంది మొదలవుతుంది. లెన్స్‌కూ ఆ గాజుకూ మధ్య వేసే ఇమ్మర్షన్ ఆయిల్ వక్రీభవన గుణకం 1.518, నీటిది 1.33, కణం వాటి మధ్య ఎక్కడో 1.37 దగ్గర ఉంటుంది. ఈ తేడా వల్ల లోతు పెరిగేకొద్దీ వెలుగు చుక్క చెదిరి మసకబారుతుంది. సిమ్‌లోనైతే చారల కాంట్రాస్ట్ పడిపోయి, కూర్చిన చిత్రంలో లేని గీతలు పుట్టుకొస్తాయి. 1.40 గుణకం ఉన్న సిలికాన్ ఆయిల్ కణానికి దగ్గరగా ఉంటుంది, గంటలు గడిచినా ఎండిపోదు. గుండ్రటి కణాలు, ఆర్గనాయిడ్లు (ల్యాబ్‌లో పెంచే చిన్న అవయవాల్లాంటి కణ ముద్దలు) చూసేవాళ్లుంటే దాన్ని కొటేషన్‌లో చేర్పించండి. నీటి లెన్స్ తీసుకుంటే 37 డిగ్రీల దగ్గర నీటి చుక్క ఆవిరవుతుంది. తనంతట నీరు అందించే పంపు గానీ, 1.33 గుణకం ఉన్న ప్రత్యేక ద్రవం గానీ ఉండాలి.

ఆయిల్ గుణకం వేడికి తగ్గుతుంది, అందుకని 37 డిగ్రీలకు తయారుచేసినదే కొనండి. డిష్‌ల అడుగు గాజుదే ఉండాలి, మందం 0.17 మిల్లీమీటర్లు. 1.5హెచ్ అని రాసి ఉన్న రకం తీసుకోండి. ప్లాస్టిక్ అడుగు డిష్‌లు ఈ పనికి పనికిరావు.

ప్రశ్న: మా దగ్గరున్న యంత్రంలో రెండు గంటల సినిమా తీస్తే సగంలోనే ఫోకస్ జారిపోతోంది. కొత్తదీ అంతేనా?

జవాబు: వేడిని పట్టించుకోకపోతే అంతే. లెన్స్ పెద్ద ఇనుప ముద్ద లాంటిది. ఆయిల్ చుక్క ద్వారా డిష్‌లోని వేడిని లాగేస్తుంది. స్క్రీన్ మీద 37 చూపిస్తున్నా, లెన్స్ పైనున్న కణాలు రెండు మూడు డిగ్రీలు తక్కువలో ఉండొచ్చు. సన్నటి థర్మోకపుల్ తీగను డిష్‌లో ముంచి కొలవండి. డిష్ పెట్టే స్టేజ్ మీది చిన్న వెచ్చని పెట్టె ఒక్కటే కాకుండా లెన్స్ హీటర్ కూడా అడగండి. మైక్రోస్కోప్ మొత్తాన్ని కప్పే గది ఉంటే ఇంకా నయం, కాకపోతే అది కుదుటపడటానికి గంటలు పడుతుంది. ప్రయోగానికి నాలుగు గంటల ముందే ఆన్ చేయాలి.

హార్డ్‌వేర్ ఆటోఫోకస్ తప్పనిసరి. ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కవర్‌స్లిప్ మీద నుంచి తిప్పికొట్టించి దూరం చూసుకుంటుంది. పైకీ కిందికీ జారడాన్ని మాత్రమే అది సరిదిద్దుతుంది, పక్కలకు జరగడాన్ని కాదు. ఇక 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌ను తేమ పట్టించకుండా పంపితే కణాలుండే ద్రవం, మీడియం, ఆవిరై చిక్కబడుతుంది, కణాలు ముడుచుకుపోతాయి. దాన్ని చూసి మందు పనిచేసిందని రాసుకుంటారు కొందరు!

ప్రశ్న: సిమ్ చిత్రంలో తేనెపట్టు గడుల్లాంటి అల్లిక కనిపిస్తోంది. అది నిజమైన నిర్మాణమా?

జవాబు: అనుమానించాల్సిందే. వెలుగు చాలక చిత్రంలో నాయిస్ (గజిబిజి చుక్కలు) ఎక్కువైనప్పుడు, 9 చిత్రాల మధ్యలో కణం కదిలినప్పుడు, గుణకం కుదరనప్పుడు గణితమే అలాంటి అల్లికలు అల్లుతుంది. ముడి చిత్రాలన్నీ దాచుకోండి. ఫిజీ అనే చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే సిమ్‌చెక్ అనే ఉచిత ప్లగిన్‌తో చారల కాంట్రాస్ట్ చూడండి. కూర్చిన చిత్రాన్ని కాస్త మసకబార్చి మామూలు చిత్రం పక్కన పెట్టండి. రెండూ కలవకపోతే అది కణంలో లేదు. ముడి డేటా ఇవ్వని సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ కంపెనీని అక్కడే ఆపేయండి.

ప్రశ్న: డెమోలో ఏం చూడాలి? టెండర్‌లో ఏం రాయాలి?

జవాబు: కంపెనీ తెచ్చే స్లైడ్ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. మీ దగ్గర అన్నిటికన్నా మసకగా వెలిగే కణాలను తీసుకెళ్లండి. గంటసేపు వరసగా చిత్రాలు తీయించి, డిష్‌ను మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టి, ఆ కణాలు మరుసటి రోజు విభజన చెందాయో లేదో చూడండి. అదే డిష్‌లో వెలుగు పడని పక్క కణాలతో పోల్చండి. మైటోకాండ్రియా ముక్కలు కావడం, పొర మీద బుడగలు లేవడం కాంతి దెబ్బకు తొలి గుర్తులు. 405 నానోమీటర్ల లేజర్ అన్నిటికన్నా కరుకుది. వీలైన చోట హాలోట్యాగ్ లాంటి, ప్రోటీన్‌కు తగిలించే ట్యాగ్‌లకు కట్టే ముదురు ఎరుపు రంగులతో, ఫినాల్ రెడ్ లేని మీడియంలో పరీక్షించండి.

టెండర్‌లో ఒక కంపెనీ వాడే పేర్లు కాకుండా పనితీరు రాయండి: ఫలానా రిజల్యూషన్, ఫలానా వేగం, ఫలానా వైశాల్యం, మూడూ ఒకేసారి. ఒకేసారి అనే మాట మర్చిపోవద్దు. మూడు అంకెలూ మూడు వేర్వేరు సెట్టింగ్‌లలో చూపించడం మామూలే. అంగీకార పరీక్షలు యంత్రం మీ గదిలో బిగించాకే జరగాలి. రంగుల మధ్య జరుగుడు చూడటానికి 100 నానోమీటర్ల బహుళ వర్ణ పూసలు, రిజల్యూషన్‌కు తెలిసిన దూరంలో గుర్తులున్న డీఎన్‌ఏ ఒరిగామి కొలబద్దలు, లెన్స్ దగ్గర పవర్ మీటర్‌తో ప్రతి లేజర్ శక్తి, రాత్రంతా జారుడు పరీక్ష. ఇవన్నీ నెగ్గే దాకా బిల్లులో కొంత ఆపే షరతు పెట్టండి. వారంటీ తర్వాతి అయిదేళ్ల సర్వీస్ ధరను కూడా ఇప్పుడే రాయించుకోండి. కొన్నాక అడిగితే బేరమాడే బలం ఉండదు.

ప్రశ్న: డేటాకు ఎంత చోటు కావాలి?

జవాబు: 2048 పిక్సెళ్ల చదరం, 16 బిట్లు ఉన్న కెమెరాలో ఒక చిత్రం 8.4 మెగాబైట్లు. సెకనుకు 100 తీస్తే 840 మెగాబైట్లు, గంటకు 3 టెరాబైట్లు. మామూలు హార్డ్‌డిస్క్ ఆ వేగాన్ని అందుకోలేదు, వేగమైన ఎస్‌ఎస్‌డీల వరస కావాలి. అక్కడి నుంచి సర్వర్‌కు 10 గిగాబిట్ లైన్ వేయించండి.

ప్రశ్న: మూడో అంతస్తులో గది ఖాళీగా ఉంది. గాలి మీద తేలే బల్ల ఎలాగూ వస్తుంది కదా, చాలదా?

జవాబు: బల్ల అన్నిటినీ ఆపదు. గాలి కాళ్ల సహజ పౌనఃపున్యం 1 నుంచి 2 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ ప్రాంతంలో వచ్చే నేల ఊపును అవి తగ్గించకపోగా పెంచుతాయి. పై అంతస్తు నేల మనుషులు నడిచినా ఊగుతుంది. ఆర్డరు పెట్టకముందే, పగటిపూట, లిఫ్టూ పక్క గది సెంట్రిఫ్యూజూ నడుస్తుండగా కంపనాలు కొలిపించండి. కనీసం వీసీ-డీ స్థాయికి, అంటే సెకనుకు 6 మైక్రోమీటర్లకు లోపు ఉండాలి. నేల అంతస్తు దొరికితే వదలొద్దు. లేజర్ చిల్లర్‌ను, కంప్యూటర్లను బల్ల మీద పెట్టకండి. గోడ నుంచి బల్లకు వచ్చే కేబుళ్లు వదులుగా వేలాడాలి, బిగుతుగా ఉంటే కంపనం వాటి వెంటే వస్తుంది. ఏసీ గాలి నేరుగా స్టేజ్ మీద పడకూడదు. గది ఉష్ణోగ్రత డిగ్రీకి మించి ఊగకూడదు. చివరగా తలుపు వెడల్పు, లిఫ్ట్ లోతు కొలిచి బల్ల కొలతలతో సరిచూసుకోండి. బల్ల విడదీసి లోపలికి చేర్చే వస్తువు కాదు.